బోర్లా వార్డులో చెప్పులక్క

ఆ కంటి ఆసుపత్రి పై అంతస్తులో ఒక వార్డు ఉంది. అందులో రోగులందరూ బోర్లా పడుకునే ఉంటారు. పసిపిల్ల బోర్లా పడితే ఇంటిల్లిపాదీ సంబరపడతారు గానీ, మీసాలున్నవాణ్ణి పట్టుకుని రోజుల తరబడి బోర్లా పడుకోబెడితే వాడు పడే అవస్థ పడ్డవాడికే తెలియాలి. కంటి వెనక ఉండే పలచటి పొర ఊడి వస్తే డాక్టర్లు దాన్ని మళ్ళీ అతికించి కంట్లోకి ఒక గాలిబుడగ ఎక్కిస్తారు. గోడకి కాగితం అంటించి జిగురు ఆరేదాకా అరచేత్తో అదిమిపట్టుకుంటాం చూడండి, ఆ బుడగ చేసే పని అదే. బుడగ ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి మొహం కిందికి ఉండాలి. తల ఎత్తితే బుడగ పక్కకి జారుతుంది, అదిమిన పట్టు తప్పుతుంది, పొర మళ్ళీ ఊడినా ఊడుతుంది.

అందుకని అక్కడి మంచాలకి తలవైపు మొహం పట్టేంత కంత ఉంటుంది. కంత చుట్టూ మెత్తటి దిండు. ఆ కంతలోంచి రోగికి కనబడే ప్రపంచం జానెడు గచ్చు, ఆ గచ్చు మీద వచ్చిపోయే కాళ్ళు. మందు చుక్కలు వేసేదీ కాళ్ళే, సూది గుచ్చేదీ కాళ్ళే, అన్నం పెట్టేదీ కాళ్ళే.

ఆ వార్డులో నేల తుడిచి, దుప్పట్లు మార్చి, రోగులకి గ్లాసులో గొట్టం పెట్టి నీళ్ళు తాగించే ఆయాని అందరూ చెప్పులక్క అంటారు. ఆమె చెప్పులు కుట్టదు, అమ్మదు. చెప్పుల్ని పరిచయం చేస్తుంది.

అది ఆమె అనుకుని పెట్టుకున్న పని కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కిటికీ పక్క మంచం మీది ముసలమ్మ, మంచం పక్కనించి చెయ్యి కిందికి చాపి ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"ఎవరే తల్లీ నువ్వు? పొద్దుట్నించీ ఎవరెవరో వస్తున్నారు, ఏదో ఒకటి పొడిచిపోతున్నారు. పొడిచేవాడెవడో తెలిస్తే తిట్టుకోడానికైనా వీలుగా ఉంటుంది కదా."

ఆయా నవ్వు ఆపుకుని మంచం పక్కన గొంతుక్కూచుంది.

"ఇదిగో మామ్మా, నావి ఆకుపచ్చ రబ్బరు చెప్పులు. గోధుమరంగు బూట్లు, బరువుగా టక్కు టక్కుమంటూ వచ్చేవి, డాక్టరుగారివి. తెల్లగుడ్డ బూట్లు పెద్ద సిస్టరమ్మవి, చుక్కలు ఆవిడే వేస్తుంది. మడమ దగ్గర అరిగిపోయి ఈడ్చుకుంటూ వచ్చే నల్లచెప్పులు అన్నం బండి అతనివి. అతన్ని మాత్రం తిట్టుకోకు, పాపం, అతనేమీ పొడవడు."

ముసలమ్మ ఒక్క పూటలో పాఠం అప్పజెప్పేసింది. ఆ సాయంత్రం పక్క మంచం ఆవిడకి తనే నేర్పింది. అప్పట్నించీ కొత్త రోగి వస్తే చాలు, మిగతావాళ్ళు కంతల్లోంచే కేకేసేవారు, "అక్కా, కొత్తవాళ్ళకి చెప్పులు చెప్పు" అని. డాక్టర్లకి ఈ సంగతి చాలాకాలం తెలియలేదు. ఒకరోజు డాక్టరుగారు కొత్త బూట్లు తొడుక్కుని రౌండ్సుకి వస్తే ఒక్క రోగీ నోరు విప్పలేదు. ఎవడో పరాయివాడు వచ్చి కళ్ళ సంగతి అడుగుతున్నాడనుకున్నారు. ఆయన తెల్లబోయి సిస్టరమ్మని అడిగితే కథంతా బయటికొచ్చింది. ఆ తరవాత వార్డులో ఒక ఆచారం పుట్టింది. ఎవరైనా చెప్పులు మార్చదలిస్తే ముందురోజే అక్క చెవిన వెయ్యాలి. అక్క మంచం మంచానికీ వెళ్ళి, "రేపట్నించి తెల్లగుడ్డ బూట్లకి సెలవు, సిస్టరమ్మ బూడిదరంగువి కొనుక్కుంది, కంగారు పడకండి" అని చాటింపు వేసి వచ్చేది.

ఇంట్లో ఆమె భర్త టైర్లకి పంక్చర్లు వేసే కొట్టు నడుపుతాడు. "నేను చక్రాలు చూసి బండి చెప్తా, మా ఆవిడ కాళ్ళు చూసి మనిషిని చెప్తుంది. మా ఇంట్లో పైకి చూసేవాళ్ళే లేరు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. అది అతను రోజూ వేసే జోకు. ఆమె కూడా రోజూ విననట్టే ఉంటుంది.

ఇలా నడిచిపోతూ ఉండగా ఆమె అన్నయ్య కుడికంట్లో నల్లటి తెర దిగింది.

అన్నయ్య నూలుమిల్లులో గేటు కాపలాదారు. ఉద్యోగం ఒంటికి పట్టిన మనిషి. ఎవరొచ్చినా మొహంలోకి తేరిపార చూసి మూడు ప్రశ్నలు వేస్తాడు. ఎవరు? ఎక్కడ్నించి? ఎవరితో పని? మిల్లు గేటు దగ్గర సరే, ఇంటి గుమ్మం దగ్గరా అంతే. చెల్లెల్ని చేసుకుంటానని వచ్చిన పంక్చర్లబ్బాయిని కూడా గుమ్మం బయట నిలబెట్టి అవే మూడూ అడిగాడు. మూడోదానికి అతను సిగ్గుపడుతూ "మీ చెల్లెలితో" అన్నాడట. అమ్మానాన్నలు లేని ఇంట్లో చెల్లెలికి అన్నీ తానే అయి పెంచినవాడు, ఆ మాత్రం అడక్కపోతే ఎలా?

అతని ఎడమకన్ను చిన్నప్పట్నించీ అంతంతమాత్రమే. మూరెడు దూరంలో ఉన్నది పోల్చుకుంటుంది, రంగులు తెలుస్తాయి, అంతకు మించి మసక. ఇన్నాళ్ళూ గేటు కాసింది కుడికన్ను ఒక్కటే. ఇప్పుడు దాని వెనక పొర ఊడింది. డాక్టరుగారు చెల్లెల్ని పక్కకి పిలిచి చెప్పారు.

"అక్కా, నీకు చెప్పక్కర్లేదు, వార్డంతా నీకు తెలిసిందే. అతికించాను. కానీ పొర బాగా చివికి ఉంది. ఈసారి ఊడితే మళ్ళీ అతకదు. మీ అన్నయ్య తల ఎత్తకుండా చూసుకో."

"తల ఎత్తనిస్తానా సార్? నా వార్డులోనా?" అంది ఆమె.

మొదట్లో అంతా సవ్యంగానే జరిగింది. అన్నయ్యకి ఆమె అందరికంటే శ్రద్ధగా చెప్పులు పరిచయం చేసింది. ఆయన కంతలోంచి ఎడమకంటితో గచ్చు మీద కాపలా కాసేవాడు. రంగు తెలిస్తే చాలు, గేటు తెరిచేవాడు. "ఆ, గోధుమరంగా? రానీ. ఆ, నల్లచెప్పులా? ఇవాళ ఆలస్యం చేశావేంటయ్యా?" వదిన మధ్యాహ్నాలు వచ్చి కూచుంటే, "నీ కుడి చెప్పు టపటపమంటోంది, ఉంగటం తెగేట్టుంది, కుట్టించు" అని ఆర్డరు వేశాడు. మనిషి బోర్లా పడుకున్నా ఉద్యోగం మానలేదని వదిన నవ్వుకుంది.

అప్పుడు వచ్చింది ఆ ఉత్తర్వు. బయట వీధుల్లో తిరిగిన చెప్పులతో వార్డులోకి రాకూడదు, అందరూ ఆసుపత్రి ఇచ్చిన నీలం రబ్బరు జోళ్ళే వెయ్యాలి అని. డాక్టరుకీ అవే, ఆయాకీ అవే. ఉత్తర్వు మంచిదే. ఆపరేషను చేసిన కళ్ళ మధ్య వీధి దుమ్ము ఎందుకు? రోజూ ఆ దుమ్ము తుడిచే చెప్పులక్క అందరికంటే ఎక్కువ సంతోషించింది. నేల అద్దంలా ఉంటుంది, నడుం నొప్పి తగ్గుతుంది. పైగా ఆ జోళ్ళు దూదిలా ఉన్నాయి, కాలికి వేసుకున్నట్టే తెలియదు. పంచిన పొద్దునే అందరికన్నా ముందు తొడుక్కుంది. వార్డంతా చాటింపు వెయ్యాలని కూడా అనుకుంది, ముందు అన్నయ్యకి మజ్జిగ తాగించి వేద్దాంలే అనుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు.

అన్నయ్య కునుకులో ఉన్నాడు. కొత్త జోళ్ళకి చప్పుడు లేదు. కంగారుగా లేవకూడదని ఆమె ఉలుకూ పలుకూ లేకుండా వచ్చి, మంచం పక్కన నిలబడి, మజ్జిగ గొట్టం నోటికి అందించడానికి అతని తల దగ్గరికి చెయ్యి చాపింది. ఆయన కన్ను తెరిచాడు. ఎదురుగా ఎన్నడూ చూడని నీలం జోళ్ళు. చెవి పక్కన ఎవరిదో చెయ్యి.

"ఎవరది?"

గేటు దగ్గర అరిచినట్టు అరిచి, మెడ నిలువునా పైకెత్తి, కట్టు కట్టిన మొహంతో ఆమెకేసి తిరిగాడు.

మజ్జిగ గ్లాసు గచ్చు మీద పడింది. ఆమె రెండు చేతులతో అతని తల పట్టుకుని కిందికి వంచింది. "నేనే అన్నయ్యా, నేనే, నేనే" అంటూనే ఉంది. వార్డులో ఎవరు తల ఎత్తినా కసిరే మనిషి, తన వేలితో అన్నయ్య కన్ను పొడిచినంత పని చేసింది. ఎవరిని తిట్టుకోవాలి? ఉత్తర్వునా, జోళ్ళనా? ఆ పూటంతా ఆమె తననే తిట్టుకుంది. నోటికొచ్చిన తిట్లన్నీ అయిపోతే మళ్ళీ మొదట్నించీ తిట్టుకుంది.

డాక్టరుగారు వచ్చి పరీక్ష చేసి, "ఒక్కసారికి కొంప మునగదులే. ఇది అలవాటు కాకుండా చూడు" అన్నారు. కొంప అక్కడే మునిగేలా ఉంది. ఆ పూట నుంచి గచ్చు మీద తిరిగే కాళ్ళన్నీ నీలమే. అన్నయ్యకి ఎవరి మీదా నమ్మకం పోయింది. ఎవరొచ్చినా ముందు భుజాలు బిగుస్తాయి, తరవాత మెడ లేస్తుంది. సిస్టరమ్మ చుక్కలు వెయ్యడానికి వస్తే లేచింది, అన్నం బండి వస్తే లేచింది. మిగతా రోగులూ ఇబ్బంది పడ్డారు గానీ గొణుక్కుని ఊరుకున్నారు. ఈయన ఊరుకునే రకం కాదు.

"అన్నయ్యా, అందరూ వచ్చేముందు పేరు చెప్తారు, పని చెప్తారు. నేను అందరికీ చెప్పి పెట్టాను. విను, చాలు. తల ఎత్తకు" అని బతిమాలింది.

"గేటు దగ్గర కూడా అందరూ పేరు చెప్తారే. చెప్పిందల్లా నమ్మితే మిల్లులో ఒక్క మోటారు మిగిలేదా? మొహం చూడాలి. మొహం చూడకుండా ఎవణ్ణీ లోపలికి పంపింది లేదు నేను."

"ఇది మిల్లు కాదు కదా."

"మిల్లు కంటే ఎక్కువే. ఇది నా కన్ను."

ఆమె వెళ్ళి అందరి జోళ్ళకి రంగు రిబ్బన్లు కట్టి చూసింది. సిస్టరమ్మ చూసి విప్పించింది, గుడ్డపీలికలకి దుమ్ము పట్టుకుంటుందని. అదీ నిజమే. వదిన మంచం పక్కన కూచుని తల మీద చెయ్యి వేసి అదిమిపట్టింది. ఆ చెయ్యి కింద ఆయన ఇంకా పెనుగులాడాడు. ఇద్దరూ ఏడుపు మొహాలు పెట్టుకుని చెప్పులక్క వంక చూశారు, అంటే ఒకావిడ చూసింది, ఒకాయన గచ్చుకేసి చూశాడు.

మర్నాడు పొద్దున నేల తుడవడం అయ్యాక చెప్పులక్క చీపురూ బకెట్టూ పక్కన పెట్టింది. అటూ ఇటూ చూసింది. అన్నయ్య మంచం కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, పాక్కుంటూ వెళ్ళి సరిగ్గా కంత కింద మొహం పెట్టింది. పైన అన్నయ్య మొహం, కింద చెల్లెలి మొహం. మధ్యన మూరెడు కూడా లేదు.

"ఎవరు?" అన్నాడు అన్నయ్య, అలవాటుగా.

"చూడు."

ఎడమకన్ను చిట్లించి చూశాడు. భుజాలు వదులయ్యాయి.

"నువ్వా? ఇక్కణ్ణించి చూస్తే నీ ముక్కు నాన్న ముక్కులా ఉందే."

"నాన్న ముక్కే. నీకిప్పుడు తెలిసిందా? మెడ కదిలించకు. నమ్మకం కుదిరిందా?"

"కుదిరింది."

అదన్నమాట దారి. చెప్పడం తేలిక, జనాన్ని ఒప్పించడమే కష్టం. నేల మీద కూచుని రోగికి మొహం చూపించమంటే ఎవరు చూపిస్తారు? అన్నం బండి అతను నవ్వి, బండి అక్కడే వదిలి, టక్కున కూచుని కంత కిందికి మొహం పెట్టాడు. అన్నయ్య అతన్ని ఎగాదిగా చూసి, "గొంతు విని ముసలాడివనుకున్నాను, కుర్రాడివే" అన్నాడు. పెద్ద సిస్టరమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఒళ్ళు కూడా బరువే. "నన్ను కూచోబెడితే లేపే బాధ్యత నీదే" అని ఒట్టు వేయించుకుని పీట మీద కూచుని, ఒక చేత్తో మంచం పట్టుకుని వంగింది. ఆమెని లేపడానికి చెప్పులక్కా, వదినా ఇద్దరూ కావలసి వచ్చారు. లేచాక చీర సర్దుకుంటూ, "ఇన్నేళ్ళ సర్వీసులో పేషెంటు నన్ను కింద నుంచి చూడ్డం ఇదే మొదలు" అంది. కోపంగా అన్నదో, సరదాగా అన్నదో తెలియలేదు.

మిగిలింది డాక్టరుగారు. ఆయన మొహం చూడందే అన్నయ్య కుదుటపడేలా లేడు. అసలు పని ఆయనదే కదా.

రౌండ్సుకి వచ్చినప్పుడు చెప్పులక్క అడిగింది. ఆయన గడియారం చూసుకున్నారు.

"అక్కా, ఒక్కొక్కరి దగ్గరా నేల మీద కూచుంటే కింద ఓపీలో జనం నన్ను కొడతారు. పేరు చెప్తున్నాను కదా, సరిపోదా?"

"మిగతావాళ్ళకి సరిపోతుంది సార్. ఈయనకి సరిపోదు."

"మీ అన్నయ్య కదా, నువ్వు చెప్తే వినడా?"

"నేను చెప్తే వినేవాడైతే నేను మిమ్మల్ని అడగను సార్."

ఆయన నవ్వి ముందుకి నడిచి, "నేను డాక్టర్నండీ, ఎలా ఉంది కన్ను?" అంటూ మంచం దగ్గరికి వెళ్ళారు. అన్నయ్య భుజాలు బిగిశాయి. మెడ లేచింది. డాక్టరుగారి కళ్ళెదుటే లేచింది. ఆయన మొహంలో నవ్వు ఠక్కున పోయింది. తెల్లకోటు వెనక్కి తోసి అక్కడికక్కడే గచ్చు మీద కూలబడి, రెండు చేతులూ ఆనించి, తల వంచి కంత కిందికి పెట్టారు.

"పడుకోండి, పడుకోండి. నన్ను చూడండి. కిందికి, ఇటు."

అన్నయ్య తల దించాడు. సన్నటి మొహం, చెంపలు లోతుకుపోయి, కళ్ళజోడు జారిపోతూ ఉంది. ఆపరేషనుకి ముందు కంట్లో దీపం వేసి చూసినప్పుడు వెలుగు తప్ప ఆయన మొహం కనబడలేదు, గోధుమరంగు బూట్ల బరువు విని కొండంత మనిషిని ఊహించుకున్నాడు కాబోలు, తేరుకోవడానికి కాసేపు పట్టింది. తేరుకున్నాక మొదలుపెట్టాడు.

"ఎవరు?"

"డాక్టర్ని."

"ఎక్కణ్ణించి?"

డాక్టరుగారు చెప్పులక్క వైపు చూశారు. ఆమె చెప్పమన్నట్టు తల ఊపింది.

"ఆపరేషన్ థియేటర్ నించి."

"ఎవరితో పని?"

"మీ కుడికంటితో."

అన్నయ్య ఇంకోసారి మొహమంతా చూసుకున్నాడు.

"సరే, వెళ్ళండి లోపలికి" అన్నాడు.

వార్డులో బోర్లా పడుకున్నవాళ్ళందరూ దిళ్ళలోకి నవ్వారు. నవ్వితే తల కదులుతుందని సిస్టరమ్మ అందర్నీ కేకలేసింది. డాక్టరుగారు లేచి ప్యాంటు దులుపుకుంటూ, "ఇక రేపట్నించి ఎవరు ఈయన దగ్గరికి వచ్చినా ముందు మొహం చూపించి మొదలుపెట్టండి" అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ రోజు తరవాత అన్నయ్య మెడ లేవలేదు. మొహం చూశాడంటే నమ్మాడు, నమ్మాడంటే రాయిలా పడి ఉన్నాడు. మిగతా మంచాలవాళ్ళు కూడా మాకూ చూపించమని గోల పెడితే, కొత్తగా చేరిన ప్రతి రోగికీ మొదటిరోజు అందరూ ఒకసారి కింద కూచుని కనబడడం వార్డు పద్ధతి అయిపోయింది. సిస్టరమ్మ మాత్రం పీట తెచ్చుకునేది.

కానీ చెప్పులక్క మనసు కుదుటపడలేదు. కట్టు విప్పిన రోజు డాక్టరుగారు చాలాసేపు దీపం వేసి చూసి, "ఒక మూల కొంచెం వదులుగా ఉంది. లేజరుతో చుట్టూ కుట్టు వేస్తాను. నిలుస్తుందా లేదా అనేది బుడగ పూర్తిగా కరిగాక గానీ చెప్పలేను" అన్నారు. ఆ మూల ఎప్పుడు వదులైంది? తను మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడ్డప్పుడేనా? ఆమె డాక్టరుగార్ని అడగలేదు. అడిగితే కాదని చెప్తారు, ఆ కాదన్నది నిజమో ఓదార్పో తెలియదు. అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయాడు. కుడికంట్లో నీళ్ళు ఊగుతున్నట్టుందని, ఏమీ తెలియడం లేదని వదిన ఫోనులో చెప్పేది. చెప్పులక్క పనిలోకి వచ్చేది, తుడిచేది, చుక్కల వేళకి రోగుల్ని సర్దేది, ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూచునేది. పంక్చర్ల భర్త కొన్నాళ్ళు జోకులు వేసి, ఫలితం లేక మానేశాడు. "అది నీ వల్ల జరిగింది కాదే" అని చెప్పి చూశాడు. తన వల్లే అని ఆమెకి తెలుసు. కాకపోయినా అయినట్టే, అలా తెలుసు.

బుడగ కరిగాక అన్నయ్యని చూపించుకోవడానికి రమ్మన్నారు. ఆయన వచ్చే వేళకి చెప్పులక్క వార్డు బయటి పొడుగాటి వసారా తుడుస్తోంది. అటు చివర మెట్లు. ఇటు చివర ఆమె, నర్సులు ఇద్దరు ముగ్గురు, మందుల బండి. అందరివీ ఒకే రంగు బట్టలు, ఒకే నీలం జోళ్ళు. మెట్ల మీంచి వదిన, ఆమె భుజం పట్టుకుని అన్నయ్య ఎక్కి వచ్చారు. వదిన చెయ్యి ఊపబోయింది. చెప్పులక్క వద్దన్నట్టు సైగ చేసి, ఉన్నచోటే నిలబడిపోయింది. పిలవలేదు, కదల్లేదు. పిలిస్తే గొంతు పట్టి పోల్చుకుంటాడు, నడిస్తే నడక పట్టి పోల్చుకుంటాడు. చేతిలో తడిగుడ్డ కర్ర మాత్రం బిగించి పట్టుకుంది.

అన్నయ్య మెట్ల దగ్గర ఆగి వసారా పొడుగునా చూశాడు. వదిన భుజం మీంచి చెయ్యి తీసేశాడు. అంత దూరం నించే కేకేశాడు.

"ఏమే! ఆ కళ్ళకింద నలుపేంటి? అన్నం తినడం మానేశావా?"

ఆమె చేతిలో కర్ర జారి పడిపోయింది. ఇప్పుడే తుడిచిన గచ్చు మీద అలాగే చతికిలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని పెద్దగా ఏడ్చేసింది. నర్సులు పరిగెత్తుకొచ్చారు. అన్నయ్య ఎవరినీ పట్టుకోకుండా, మందుల బండిని తప్పుకుని, తిన్నగా నడుచుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"లేవే, నేలంతా తడిగా ఉంది" అన్నాడు. "కనబడ్డంలేదూ?"